కొండ మీద ఇల్లు, వేరేవాళ్ళ పేరు మీద

విజయవాడ నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. ఆమెకు 57 ఏళ్ళు, భర్తకు 62. ఆయన ప్రైవేటు కంపెనీలో పనిచేసి రెండేళ్ళ కిందట రిటైరయ్యారు. ఒక్కతే కూతురు, హైదరాబాదులో ఉద్యోగం చేస్తోంది. భర్తకు చాలా ఏళ్ళుగా ఆస్తమా ఉంది. విజయవాడ ఎండ, దుమ్ము పడటం లేదని తొమ్మిదేళ్ళుగా ఏటా శీతాకాలంలో అరకు వెళ్ళి నాలుగైదు రోజులు ఉండి వస్తున్నారు. మొదటిసారి వెళ్ళినప్పుడు జీపు నడిపిన గిరిజన యువకుడు ఇప్పుడు ఇంటి మనిషిలా అయిపోయాడు. వాళ్ళ ఊరి సంతకు తీసుకెళతాడు, పండక్కి పసుపు, కాఫీ గింజలు పంపిస్తాడు. అతని భార్య ఈమెను అక్కా అని పిలుస్తుంది.

నిరుడు భర్త ఒక నిర్ణయానికి వచ్చారు. ఆ యువకుడి పొలంలో 30 సెంట్లు తీసుకుని రెండు గదుల ఇల్లు కట్టుకుందామని. భూమికి 8 లక్షలు, ఇంటికి 22 లక్షలు అని లెక్క. రిటైర్మెంటు డబ్బులో సగానికి పైగా దానికే పోతుంది. ఆ ప్రాంతంలో గిరిజనేతరుల పేరు మీద రిజిస్ట్రేషన్ జరగదు కాబట్టి భూమీ ఇల్లూ ఆ యువకుడి పేరునే ఉంటాయి, వీళ్ళ దగ్గర స్టాంపు పేపరు మీద ఒక అగ్రిమెంటు ఉంటుంది. మధ్యలో ఉన్న బ్రోకరు, “ఇక్కడ అందరూ ఇలాగే చేస్తున్నారు సార్” అన్నాడు. 3 లక్షలు అడ్వాన్సు ఇచ్చేశారు. ఆ డబ్బుతో ఆ యువకుడు తన కూతురిని నర్సింగులో చేర్పించాడు.

ఈమెకు నిద్ర పట్టడం లేదు. భర్తతో అంటే, “నా జీవితంలో ఒక్క కోరిక కోరాను, దానికీ అడ్డమేనా” అని మాట్లాడటం మానేశారు. కూతురు ఫోన్లో తండ్రితో గొడవపడింది. ఆయన పాత క్యాలెండరు కాగితం వెనక పెన్సిలుతో ఇంటి ప్లాను గీసి పెట్టుకున్నారు. తూర్పు వైపు అరుగు, దాని మీద రెండు కుర్చీలు. “ఆ కాగితం చూస్తే వద్దనడానికి నోరు రావడం లేదు. చట్టం ఏమంటుందో, మేమేం చేయాలో చెప్పండి. ఆ అబ్బాయి కుటుంబంతో సంబంధం చెడకూడదు” అని ముగించారు.

అమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరు అడిగింది చట్టం గురించే గానీ, అందులో మూడు ముడులు ఒకదానిలో ఒకటి చిక్కుకుని ఉన్నాయి. ఆ భూమి, మీవారి ఆరోగ్యం, ఇప్పటికే చేతులు మారిన 3 లక్షలు. విడివిడిగా చూస్తేనే దారి కనపడుతుంది.

ముందు భూమి సంగతి. ఇందులో మెత్తగా చెప్పడానికి ఏమీ లేదు. అరకు, పాడేరు, చింతపల్లి ఇవన్నీ రాజ్యాంగం ఐదో షెడ్యూలు కింద షెడ్యూల్డు ప్రాంతాలు. అక్కడ 1959 నాటి భూ బదలాయింపు రెగ్యులేషన్ అమల్లో ఉంది. దాన్ని 1970లో సవరించారు. అందరూ వన్ ఆఫ్ సెవెంటీ అనేది దాన్నే. దాని ప్రకారం ఏజెన్సీలో, అంటే ఈ షెడ్యూల్డు ప్రాంతాల్లో, స్థిరాస్తిని గిరిజనులకు, లేదా గిరిజనులే సభ్యులుగా ఉన్న సహకార సంఘానికి తప్ప ఎవరికీ బదలాయించకూడదు. అమ్మేవాడు గిరిజనుడైనా కాకపోయినా ఇదే నియమం. కాబట్టి “ఇక్కడ తాతల కాలం నుంచీ ఉన్న షావుకారు దగ్గర కొనిపెడతాను” అని బ్రోకరు రేపు ఇంకో దారి చూపించినా అదీ చెల్లదు.

మీ వారికి చూపించాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. ఆ రెగ్యులేషన్లో బదలాయింపు అంటే అమ్మకం ఒక్కటే కాదు. తాకట్టు, లీజు, దానం, మార్పిడి, చివరికి ఆ ఆస్తికి సంబంధించి రాసుకునే ఒప్పందం కూడా బదలాయింపు కిందికే వస్తుంది. అంటే మీ బీరువాలో ఉన్న ఆ స్టాంపు పేపరు మిమ్మల్ని కాపాడే కాగితం కాదు. చట్టం వద్దన్న పని చేశామని మీరే సంతకం పెట్టి దాచుకున్న కాగితం. నోటరీ ముద్ర వేసినా, జీపీఏ (పవర్ ఆఫ్ అటార్నీ) రాయించినా, ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు మీ పేరున తెచ్చుకున్నా దాని స్వభావం మారదు. 99 ఏళ్ళ లీజు అన్నా అంతే.

“అందరూ చేస్తున్నారు” అన్న మాటలో కొంత నిజం ఉంది. చాలామంది చేశారు. అలా చేసినవాళ్ళలో ఒకాయన నాకు తెలుసు. నేను పాడేరు వైపు ఆశ్రమ పాఠశాలలో ఆరేళ్ళు పాఠాలు చెప్పాను. అప్పుడు పరిచయం. బాగా నమ్మకమైన మనిషి పేరు మీద ఇల్లు కట్టుకున్నారు. ఆ నమ్మకం వమ్ము కాలేదు కూడా. కానీ ఆ మనిషి జ్వరం వచ్చి ఉన్నట్టుండి పోయాడు. ఏడాది తిరిగేసరికి అతని పెద్దకొడుకు పెళ్ళి చేసుకుని ఆ ఇంట్లో కాపురం పెట్టాడు. ఈయన వెళితే మర్యాదగానే కూర్చోబెట్టి టీ ఇచ్చారట. అడగడానికి ఈయన దగ్గర ఏముంది? ఆ కుర్రాడి తప్పు మాత్రం ఏముంది? తండ్రి భూమి, తండ్రి పేరున ఉన్న ఇల్లు.

మీ విషయంలోనూ ప్రమాదం ఆ యువకుడు మోసం చేస్తాడని కాదు. మీ ఉత్తరం బట్టి అతను అలాంటివాడు కాదనే నాకూ అనిపిస్తోంది. ప్రమాదం అతనికే ఎక్కువ, దాని గురించి మీ ఇంట్లో ఎవరూ మాట్లాడుకున్నట్టు లేదు. ఎవరో ఒకరు ఫిర్యాదు చేశారనుకోండి. ఊళ్ళో అతనంటే పడనివాళ్ళు కావచ్చు, కమీషను దగ్గర తేడా వచ్చిన బ్రోకరే కావచ్చు. అప్పుడు స్పెషల్ డిప్యూటీ కలెక్టరు దగ్గర ఎల్టీఆర్ కేసు, అంటే ఈ భూ బదలాయింపు రెగ్యులేషన్ కింద కేసు పడుతుంది. మిమ్మల్ని ఖాళీ చేయిస్తారు. మీరు విజయవాడ వచ్చేస్తారు. అతను మాత్రం జీపు మానుకుని వాయిదాలకు తిరగాలి. రెగ్యులేషన్లో శిక్షలు కూడా ఉన్నాయి. అది చాలదన్నట్టు డబ్బు ఒకరిది, పేరు ఒకరిది అయితే బినామీ లావాదేవీ కిందికి రావచ్చు. 2016లో సవరించిన ఆ చట్టంలో ఏడాది నుంచి ఏడేళ్ళ దాకా కఠిన కారాగారం, ఆస్తి మార్కెట్ విలువలో 25 శాతం దాకా జరిమానా ఉన్నాయి. అసలు యజమానికీ, పేరు ఇచ్చినవాడికీ ఇద్దరికీ. ఆస్తి కూడా జప్తు కావచ్చు. జీపు మీద బతికే కుటుంబానికి ఇది ఎంత బరువో మీకు నేను చెప్పక్కర్లేదు.

మీవారు “ఇదేం చట్టం, మన రాష్ట్రంలో మనం గజం కొనుక్కోకూడదా” అన్నారని రాశారు. చాలామందికి వచ్చే కోపమే. దానికి జవాబు ఆ కొండల చరిత్రలో ఉంది. ఉప్పుకీ, బట్టకీ, విత్తనానికీ చేసిన అప్పుకు పొలాలు రాయించుకుని మైదానం నుంచి వచ్చిన షావుకార్లు అక్కడ భూస్వాములైపోయారు. బ్రిటిషు ప్రభుత్వమే చూడలేక 1917లో ఏజెన్సీ భూముల చట్టం తెచ్చింది. అది కాగితం మీదే ఉండిపోయింది. 1960ల చివర శ్రీకాకుళం కొండల్లో గిరిజనుల పోరాటం జరిగాకే 1970 సవరణ వచ్చింది. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకేసి, ప్రభుత్వం కూడా షెడ్యూల్డు ప్రాంతంలో భూమిని గిరిజనేతరులకు మైనింగు లీజుకి ఇవ్వకూడదంది. పెద్ద పెద్ద కంపెనీలే ఆగిపోయిన చోటు అది. తెలంగాణ ఏజెన్సీలోనూ ఇదే నియమం.

ఇంకో కోణంలో చూడండి. మీరు వెళ్ళినప్పుడల్లా చూసి ఆనందించే వలిసె పూల పొలాలు, సిల్వర్ ఓక్ చెట్ల కింద కాఫీ తోటలు, చోళ్ళు పండే మెట్టలు ఇంకా ఆ ఊరివాళ్ళ చేతుల్లో ఉన్నాయంటే ఆ చట్టం వల్లే. 30 సెంట్లకు 8 లక్షలు అంటే అతనికి పెద్ద మొత్తమే. కానీ మీలాంటి మంచివాళ్ళు పదిమంది తలా 30 సెంట్లు తీసుకుంటే అది మూడెకరాలు. అతని పిల్లలు రేపు ఎవరి పొలంలో కూలికి వెళ్ళాలి?

ఇక మీవారి ఆరోగ్యం. నేను డాక్టరును కాను, కానీ అక్కడ ఆరు వానాకాలాలు గడిపినదాన్ని. మీరు తొమ్మిదేళ్ళుగా చూసింది ఏటా నాలుగైదు రోజుల శీతాకాలం. అదీ హోటల్లో, వేడినీళ్ళతో. జులైలో ఒకసారి కూడా వెళ్ళినట్టు రాయలేదు. జులై, ఆగస్టుల్లో మా క్వార్టర్స్‌లో ఉతికిన చీర వారమైనా ఆరేది కాదు. పొయ్యి మీద తాడు కట్టి ఆరబెట్టేవాళ్ళం, కట్టుకుంటే పొగ వాసన. అగ్గిపుల్ల గీస్తే వెలిగేది కాదు. అగ్గిపెట్టెను బియ్యం డబ్బాలో దాచుకునేవాళ్ళం. గోడల మీద నల్లగా బూజు పట్టేది. చలికాలం పొద్దున్నే ఊరంతా కట్టెల పొయ్యిల పొగ, మంచుతో కలిసి తొమ్మిదింటి దాకా పైకి లేవదు. చలిగాలి, చెమ్మ, బూజు, కట్టెల పొగ, ఈ నాలుగూ ఆస్తమా ఉన్నవాళ్ళకు పడనివే. విజయవాడ దుమ్ము నుంచి తప్పించుకుని వీటిలోకి వెళుతున్నారేమో చూసుకోవాలి.

ఊపిరి అందని రాత్రి ఎలా ఉంటుందో మీకు తెలుసు. విజయవాడలో అయితే ఆటోలో పది నిమిషాలు. అరకు నుంచి విశాఖ 110 కిలోమీటర్ల పైమాటే, అందులో ఘాట్ రోడ్డు. పగలు కారులో మూడు గంటలు దాటుతుంది. వానల్లో కొండచరియలు పడితే దారే మూసుకుపోతుంది. దగ్గర్లో ప్రభుత్వ ఆస్పత్రి ఉంది, మంచి డాక్టర్లూ ఉంటారు. కానీ పెద్ద ఆపద వస్తే విశాఖలోని పెద్ద ప్రభుత్వ ఆస్పత్రి కేజీహెచ్‌కే దింపుతారు. మీరు కారు నడపలేరని రాశారు. అర్ధరాత్రి మీరొక్కరే, ఆయన్ని పట్టుకుని, మంచులో. ఇల్లు ఎవరి పేరున ఉన్నా ఈ ప్రశ్న ఉంటుంది.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం.

ఒకటి, అనుకున్నట్టే ముందుకు వెళ్ళడం. ఏమీ జరగకపోవచ్చు, ఇరవై ఏళ్ళు హాయిగా ఉండొచ్చు. కానీ ఆ ఇరవై ఏళ్ళూ మీరు ఆ కుటుంబం దయ మీద ఉంటారు, వాళ్ళు మీ కాగితం భయంలో ఉంటారు. ఏనాడైనా ఆస్పత్రి ఖర్చుకి డబ్బు కావలసి వస్తే ఆ ఇంటిని అమ్మలేరు, తాకట్టు పెట్టలేరు, మీ అమ్మాయికి ఇవ్వలేరు. రిటైర్మెంటు డబ్బులో సగం అలా మళ్ళీ చేతికి రాని చోట పెట్టడం నాకైతే సుతరామూ ఇష్టం లేదు.

రెండు, భూమి ఆశ వదులుకుని అక్కడ ఉండే ఆశ ఉంచుకోవడం. మీవారు ఈ రెండింటినీ ఒకటిగా చూస్తున్నారు. ఉండటానికి సొంతం కానక్కర్లేదు. ఆ యువకుడు తన ఇంట్లో, తన డబ్బుతోనో, బ్యాంకు అప్పుతోనో, గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ ద్వారా ఏదైనా సాయం దొరికితే దానితోనో అతిథుల కోసం ఒక గది వేసుకుంటే, మీరు ఏటా వెళ్ళి రోజుకింత అని ఇచ్చి నెలరోజులు ఉండొచ్చు. మీరు లేనప్పుడు వేరేవాళ్ళు ఉంటారు, అతనికి ఆదాయం. మీకు నెలకు ఎంత ఖర్చయినా 30 లక్షల మీద బ్యాంకు వడ్డీలో చాలా భాగం మిగిలే ఉంటుంది. ఒక్క జాగ్రత్త. ఆ గదికి మీరు డబ్బు పెట్టి “ఇది మాది” అని లోపల అనుకోకండి. అలా అనుకున్న రోజున మళ్ళీ మొదటి దారిలోకే వచ్చినట్టు. ఈ దారిలో లోటు ఏమిటంటే మీవారికి తన గుమ్మం, తన మొక్కలు ఉండవు. అది చిన్న లోటు కాదు, ఆయన బాధపడితే తేలిగ్గా తీసుకోకండి.

మూడు, కొండ గాలి తగిలే చోట, షెడ్యూల్డు ప్రాంతం కాని చోట, మీ పేరు మీదే కొనుక్కోవడం. అరకు దారిలోనే ఘాట్ మొదలయ్యే ముందు శృంగవరపుకోట ఉంది. రైలుంది, ఆస్పత్రులున్నాయి. కొండలు కళ్ళెదురుగా ఉంటాయి. మీ స్నేహితుడి ఊరికి పొద్దున వెళ్ళి సాయంత్రానికి రావచ్చు. వేసవిలో అరకంత చల్లగా ఉండదు, అది ఒప్పుకోవాలి. చల్లగా, పొడిగా ఉండే ఊరు కావాలంటే నా మనసు మదనపల్లె వైపు పోతుంది. హార్స్‌లీ హిల్స్ దగ్గర. కొండ మీద చాలావరకు అటవీ, ప్రభుత్వ భూములే, అక్కడ ఆశ పెట్టుకోవద్దు, కింద ఊళ్ళు చూడండి. వందేళ్ళ కిందట క్షయ రోగులకు ఆస్పత్రి కట్టడానికి వాతావరణం చూసి ఎంచుకున్న చోటు ఆ మదనపల్లె పక్కనే ఉన్న ఆరోగ్యవరం. మీవారి ఊపిరితిత్తులకు అరకు కంటే అదే నప్పుతుందేమో మీ డాక్టరుగారిని అడిగి చూడండి.

కొండల కింద కొనేటప్పుడు మాత్రం కళ్ళు తెరుచుకుని ఉండాలి. అక్కడ చాలా భూములు ప్రభుత్వం పేదలకు ఇచ్చిన అసైన్డ్ పట్టాలు. వాటిని కొనడానికి 1977 చట్టం అడ్డం ఉంది, ఈమధ్య కొన్ని సడలింపులు వచ్చినా మీలాంటివాళ్ళు వాటి జోలికి పోకపోవడమే మంచిది. ఈసీ (ఆ ఆస్తి మీద ఉన్న లావాదేవీలు, తాకట్లు చూపించే పత్రం) తీయించండి, రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22ఏ నిషేధిత జాబితాలో ఆ సర్వే నంబరు ఉందేమో రిజిస్ట్రారు ఆఫీసులో చూడండి, అటవీ హద్దు ఎక్కడుందో తహసీల్దారు ఆఫీసులో అడగండి. కొనేముందు ఆ ఊళ్ళో ఆర్నెల్లు అద్దెకు ఉండండి. మే నెల, జులై నెల రెండూ అందులో పడేలా. నీళ్ళ ట్యాంకరు ఎన్ని రోజులకొకసారి వస్తుందో, రాత్రి కరెంటు పోతే ఎప్పుడొస్తుందో బ్రోకరు చెప్పడు, పక్కింటావిడ చెబుతుంది.

మూడింటిలో ఏది అన్నది మీరిద్దరూ కూర్చుని తేల్చుకోవాల్సిందే. నేనైతే ముందు రెండోదాన్ని ఒక జులైలో చేసి చూసి, ఆ తర్వాతే మూడో దాని గురించి ఆలోచిస్తాను. నెబ్యులైజరు పట్టుకుని వెళ్ళండి. ఆ నెల ఆయనకు ఎలా ఉంటుందో మన మాటలకంటే ఆయన ఊపిరే చెబుతుంది.

మీవారితో మాట్లాడేటప్పుడు చట్టంతో మొదలుపెట్టకండి. అమ్మాయి అలాగే మొదలుపెట్టి గొడవ తెచ్చుకుంది. ఆయన ఆ క్యాలెండరు కాగితం మీద వంటగది కంటే ముందు అరుగు గీశారని, రెండు కుర్చీలు వేశారని మీరే రాశారు. ముప్పై ఐదేళ్ళు షిఫ్టులు చేసిన మనిషి పక్కన మీరు కూర్చుని ఉండే పొద్దును గీసుకున్నారు. అది మీకు అర్థమైందని ముందు చెప్పండి. మీరు ఆ ఇంటికి అడ్డం కాదని, ఆ స్టాంపు పేపరుకే అడ్డమని ఆయనకు తెలియాలి. తర్వాత, “రేపు కేసు పడితే ఆ పిల్ల నర్సింగు చదువు ఏమవుతుంది” అని ఒక్క ప్రశ్న అడగండి. ఆయన జవాబు చెప్పకపోయినా ఆలోచిస్తారు.

చివరిగా ఆ 3 లక్షలు. కోర్టుకెళ్ళి రాబట్టే దారి దాదాపు లేనట్టే, ఒప్పందమే చట్టవిరుద్ధం కాబట్టి. మీరు ఆ పని చేసే మనుషులూ కాదు. అలాగని దాన్ని వడ్డీకి ఇచ్చిన అప్పుగా మార్చి ఇంకో నోటు రాయించుకోకండి. ఏజెన్సీలో వడ్డీ వ్యాపారం మీద 1960 నుంచీ వేరే రెగ్యులేషన్ ఉంది. పొలం హామీగా అసలే వద్దు, అదీ బదలాయింపే. ఒక లాయరుగారి దగ్గర కూర్చుని ఆ అగ్రిమెంటు రద్దు చేసుకున్నట్టు రాయించండి, రెండు ప్రతులూ లెక్క చూసుకోండి. ఆ తర్వాత డబ్బు విషయం మూడు రకాలుగా చేయొచ్చు. పిల్ల చదువు పూర్తయి ఉద్యోగం వచ్చాక వీలైనంత ఇవ్వమని చెప్పొచ్చు. రెండో దారి ఎంచుకుంటే మీరు అక్కడ ఉన్న రోజుల ఖర్చు అందులోంచి తగ్గించుకుంటూ పోవచ్చు, కానీ అతనికి నెలనెలా చేతిలో డబ్బు కనపడదు, అది ఆలోచించండి. లేదూ, మీకు శక్తి ఉంటే ఆ పిల్ల చదువుకి మీ కానుక అనుకుని వదిలేయొచ్చు. వదిలేస్తే మనసులో కూడా వదిలేయాలి. సగం వదిలి సగం గుర్తుపెట్టుకుంటే ఏటా వచ్చే పసుపు పొట్లం కూడా బరువనిపిస్తుంది.

ఏది చేసినా ఈ మాట ఫోన్లో చెప్పకండి, బ్రోకరు చేత అసలు చెప్పించకండి. ఇద్దరూ కలిసి వెళ్ళండి. అతను ఆ డబ్బు వెనక్కి ఇవ్వలేనని భయపడి ఉంటాడు, ఒక వేళ మీకంటే ముందే నిద్ర పట్టనిది అతనికేనేమో. అతని భార్య కూడా అక్కడ ఉండేలా చూసుకోండి. పిల్ల ఫీజు కట్టిన రసీదు ఆవిడే దాచి ఉంటుంది.